బుకింగుల డ్యాష్‌బోర్డులో ఒక సంఖ్య, ఖాతాల్లో మరో సంఖ్య: దేన్ని నమ్మాలి?

మూడుశాఖలు:

అందరికీ నమస్కారం. ముందుగా సమయం ఖాయం చేసుకుని వచ్చేవారికి గంటల చొప్పున సేవలందించే సంస్థను నడుపుతున్నాను. మూడు శాఖలున్నాయి. బుకింగులు కొన్ని వెబ్‌సైటు ద్వారా, కొన్ని ఫోను ద్వారా వస్తాయి. కొందరు నేరుగా వచ్చి అడుగుతారు. ఇటీవల వెబ్‌సైటు సందర్శనలను లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌నూ మా బుకింగ్ సాఫ్ట్‌వేరునూ లుకర్ స్టూడియో అనే పటాల పరికరానికి కలిపి, సంఖ్యలనూ పటాలనూ ఒకే తెర మీద చూపే ఒక డ్యాష్‌బోర్డు చేయించాము. చూడడానికి ముచ్చటగానే ఉంది గాని, ఒకే నెలకు వెబ్‌సైటు భాగం ఒక బుకింగుల సంఖ్యను చూపుతుంది, సాఫ్ట్‌వేరు భాగం మరొకటి చూపుతుంది, నెలాఖరున ఖాతాల విభాగం ఇచ్చే సంఖ్య ఈ రెండింటితోనూ పొసగదు. శాఖల బాధ్యులతో జరిగే సమావేశంలో సగం సమయం ఎవరి సంఖ్య సరైనదన్న వాదనకే సరిపోతోంది.

ఇందులో నమ్మదగిన సంఖ్య ఏది? పరికరాన్ని మార్చి పవర్ బీఐకో మెటాబేస్‌కో వెళితే ఈ చిక్కు తీరుతుందా? అనుభవమున్నవారు చెప్పగలరు.

పట్టికలరాయుడు:

పరికరం మార్చినంత మాత్రాన తీరదండి. మీరు చెప్పిన మూడు సంఖ్యలూ సరైనవే కావచ్చు, ఎందుకంటే అవి మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

ఒక నెలలో 100 బుకింగులు నమోదయ్యాయనుకుందాం. వాటిలో 20 వచ్చే నెలలో జరగాల్సిన సేవలకు సంబంధించినవి. అంతకుముందు నెలలోనే నమోదై ఈ నెలలో జరగాల్సినవి మరో 15 ఉన్నాయి. అంటే ఈ నెల తేదీలకున్న బుకింగులు 95. వాటిలో 10 రద్దయ్యాయి, 5 సందర్భాల్లో మనిషి రాలేదు, 80 సేవలు పూర్తయ్యాయి. ఇప్పుడు 100, 95, 80 అనే మూడు సంఖ్యల్లో ఏది తప్పు? ప్రకటనల మీద పెట్టిన ఖర్చు ఫలించిందా అని చూసేవారికి 100 కావాలి, సిబ్బంది పని వేళలు నిర్ణయించేవారికి 95 కావాలి, ఆదాయం లెక్కగట్టేవారికి 80 కావాలి. డ్యాష్‌బోర్డులో మూడింటికీ “బుకింగులు” అనే ఒకే శీర్షిక పెడితే మాత్రం తగువు తప్పదు. ప్రతి బుకింగుకూ నమోదు తేదీ, సేవ తేదీ, స్థితి మారిన తేదీ వేర్వేరు కాలమ్‌లలో ఉండాలి. ప్రతి పటం కిందా అది ఏ తేదీని ఆధారం చేసుకుని గీసిందో ఒక్క వాక్యంలో రాసి ఉండాలి.

ఇక గూగుల్ అనలిటిక్స్ సంగతి. అది బ్రౌజరులో జరిగిన సంఘటనలను లెక్కిస్తుందే తప్ప మీ బుకింగుల పుస్తకాన్ని చదవదు. ప్రకటన నిరోధకాలు వాడేవారు, కుకీలకు అనుమతి ఇవ్వనివారు, చెల్లింపు పూర్తయ్యాక మీ పేజీకి తిరిగి రాకుండా కిటికీ మూసేసేవారు దాని కంట పూర్తిగా పడరు. ఫోను బుకింగులైతే దానికి అసలే తెలియవు. మరోవైపు, బుకింగు పూర్తయ్యాక కనిపించే ధన్యవాదాల పేజీని ఎవరైనా మళ్లీ తెరిస్తే ఒకే బుకింగు రెండుసార్లు నమోదయ్యే అవకాశం ఉంది. కొనుగోలు సంఘటనతో పాటు లావాదేవీ సంఖ్యను కూడా పంపితే, ఒకే వాడుకరి నుంచి అదే సంఖ్యతో వచ్చిన రెండో దాన్ని అది పక్కన పెడుతుంది. పైగా దాని లెక్కలు పూర్తిగా కుదురుకోవడానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు కాబట్టి, నిన్నటి సంఖ్యను ఇవాళ పొద్దున చూసి నిర్ణయానికి రావడం తొందరపాటే అవుతుంది. ఏ ప్రకటన ద్వారా, ఏ పేజీ ద్వారా జనం వస్తున్నారు, ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారు అన్న ప్రశ్నలకు దాన్ని వాడండి. ఎన్ని బుకింగులు వచ్చాయన్న ప్రశ్నకు మీ బుకింగ్ డేటాబేసే ప్రమాణం.

ఒకటి మరిచాను, కాలమండలం కూడా సరిచూడండి. చాలా సాఫ్ట్‌వేర్లు సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, దాచుకుంటాయి. యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందుండే చోట, అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున 5:30 లోపు వచ్చిన బుకింగులన్నీ ముందు రోజు ఖాతాలో పడతాయి. నెల మొదటి రోజున ఇలా జరిగితే అవి ముందు నెలకే పోతాయి.

ఖాతాపుస్తకం:

పైవారి మాటకు ఖాతాల వైపు నుంచి చిన్న చేర్పు. బుకింగు సమయంలో తీసుకునే అడ్వాన్సు మాకు ఆదాయం కాదు, సేవ అందించేదాకా అది బాధ్యత పద్దులోనే ఉంటుంది. అందువల్ల “ఈ నెల వసూళ్లు”, “ఈ నెల ఆదాయం” రెండు వేర్వేరు గడులుగా ఉండాలి. వాపసు ఇచ్చిన సొమ్మును అసలు బుకింగు జరిగిన నెలలో తగ్గించి చూపితే, ముగిసిపోయిన నెలల సంఖ్యలు డ్యాష్‌బోర్డులో మారిపోతూ ఉంటాయి, ఖాతాల్లో మాత్రం మారవు. మీ వ్యత్యాసంలో కొంత భాగం అక్కడ కూడా ఉండవచ్చు. వాపసులను అవి చెల్లించిన తేదీ కిందే విడిగా చూపించమని అడగండి.

సాదాషీటు:

క్షమించండి, నాది కొంచెం భిన్నమైన అభిప్రాయం. మూడు శాఖల సంస్థకు ఇంత హంగామా అవసరమా? ఎక్సెల్ ఒక్క షీటులో 10,48,576 వరుసలు పడతాయి. మీ అన్ని శాఖల అన్నేళ్ల బుకింగులూ అందులో సగం కూడా నింపవని నా అంచనా. సాఫ్ట్‌వేరు నుంచి వారానికోసారి డేటా దించుకుని వరుసలను కావాల్సిన వర్గాల వారీగా కూడి చూపే పివట్ టేబుల్ వేస్తే చాలు. డ్యాష్‌బోర్డులు చేయించేవారు మొదట పటాలు గీసి, ఆ తరువాత వాటిని దేనికి వాడుకోవాలో మనల్ని వెతుక్కోమంటారు. ఆ క్రమమే నాకు నచ్చదు. ఏ నిర్ణయం కోసం చూస్తున్నారో ముందు చెప్పండి.

మూడుశాఖలు:

మంచి ప్రశ్న. నిజానికి మేము తీసుకునే నిర్ణయాలు మూడే. వచ్చే వారానికి ఏ శాఖలో ఎంతమంది సిబ్బందిని ఉంచాలి; ప్రకటనల ఖర్చును ఏ సేవ మీద పెట్టాలి; ఒకసారి వచ్చినవారు మళ్లీ రాకపోతే ఎప్పుడు పలకరించాలి. ఇప్పుడున్న డ్యాష్‌బోర్డులో పటాలు చాలానే ఉన్నాయి గాని, వీటిలో ఒక్క ప్రశ్నకైనా సూటిగా జవాబిచ్చేది లేదని మీరు అడిగాకే గమనించాను. షీటు విషయంలో నా ఇబ్బంది ఒకటే: దించుకునే బాధ్యత ఒకరి మీద ఉంటుంది, ఆ మనిషి సెలవులో ఉన్న వారం అందరమూ పాత సంఖ్యలనే చూస్తూ ఉంటాము.

బసనిర్వహణ:

నేను బస వసతుల రంగంలో పనిచేస్తాను. సిబ్బంది కేటాయింపు ప్రశ్నకు మా రంగంలో పాతుకుపోయిన ఒక పద్ధతి మీకు పనికొస్తుంది. మేము గడిచిన నెల బుకింగుల కంటే ఎక్కువగా రాబోయే తేదీలకు బుకింగులు నిండుతున్న వేగాన్ని చూస్తాము. ఉదాహరణకు, మూడు వారాల తరువాత వచ్చే శనివారానికి ఇవాళ్టికి ఎన్ని గదులు నిండాయి? గడిచిన శనివారాలకు సరిగ్గా మూడు వారాల ముందు ఎన్ని నిండి ఉండేవి? ఈ పోలికలో వెనకబడి ఉంటే ఇంకా ఏదైనా చేయడానికి వ్యవధి ఉంటుంది. నెల ముగిశాక వచ్చే నివేదికతో ఆ అవకాశం ఉండదు.

అయితే దీనికొక ఏర్పాటు కావాలి. చాలా సాఫ్ట్‌వేర్లు బుకింగుల తాజా స్థితిని మాత్రమే ఉంచుతాయి. మూడు వారాల క్రితం పుస్తకం ఎలా ఉండేదో అడిగితే చెప్పలేవు, ఎందుకంటే ఆ తరువాత రద్దయినవి, మారినవి అన్నీ పాత వరుస మీదే దిద్దేసి ఉంటాయి. అందుకని ప్రతి రాత్రీ, రాబోయే ప్రతి తేదీకీ ఎన్ని బుకింగులు నిలిచి ఉన్నాయో ఒక నకలు తీసి విడి టేబుల్‌లో దాచమని మీ సాంకేతిక సిబ్బందికి చెప్పండి. మొదటి నెలల్లో దానితో ఏ పనీ ఉండదు. పోల్చుకోవడానికి తగినంత గతం పోగయ్యాక దాని విలువ తెలుస్తుంది. ఇవాళ మొదలుపెట్టకపోతే వెనక్కి వెళ్లి దాన్ని తయారు చేసుకోవడం సాధ్యపడదు.

గత ఏడాదితో పోల్చేటప్పుడు 365 రోజులు కాకుండా 364 రోజులు వెనక్కి వెళ్లండి. 364 అంటే సరిగ్గా 52 వారాలు కాబట్టి శనివారానికి శనివారమే ఎదురవుతుంది. ఏటా తేదీ మారే సెలవులను మాత్రం చేత్తో గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఇంకొక విషయం, ఒట్టి బుకింగుల సంఖ్యకు హారం లేకపోతే అర్థం లేదు. మా దగ్గర నిండిన గదుల శాతాన్ని సగటు గది ధరతో గుణిస్తే, అందుబాటులో ఉన్న ఒక్కో గదికి వచ్చిన ఆదాయం తెలుస్తుంది. రెవ్‌పార్ అని మేమనేది దాన్నే. ధర తగ్గించి గదులన్నీ నింపినా, ధర పెంచి సగం ఖాళీగా ఉంచినా ఈ ఒక్క సంఖ్య దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. మీకు గదుల బదులు సిబ్బంది గంటలు. ఒక శాఖలో ఇద్దరు సెలవులో ఉంటే అందుబాటులో ఉన్న గంటలే తగ్గుతాయి. ఆ వారం బుకింగులు తగ్గాయని అక్కడి బాధ్యుడిని నిలదీయడం న్యాయం కాదు. సెలవులు తీసివేసిన నిజమైన గంటలనే హారంగా వాడండి.

విమానయాన రంగంలో ఈ ఆలోచన మరీ పాతది. ఒక సీటును చవక ధరకు ఇప్పుడే అమ్మాలా, ఎక్కువ ధర ఇచ్చేవారి కోసం ఆపాలా అన్నదానికి బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీలో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ 1972లోనే ఒక సూత్రం ఇచ్చారు: ఇప్పుడు చేతికొచ్చే చవక ధర, తరువాత రాగల ఎక్కువ ధరను అది వచ్చే సంభావ్యతతో గుణిస్తే వచ్చే విలువకు తగ్గనంత వరకు అమ్ముతూ పోవచ్చు. ఆ సంభావ్యతను అంచనా వేయాలన్నా కావాల్సింది పైన చెప్పిన రాత్రి నకలు వంటి చరిత్రే.

స్వాగతబల్ల:

ఇదంతా చదివాక, కౌంటరు దగ్గర కూర్చుని ఈ డేటాను నమోదు చేసేవారి తరఫున ఒక మాట చెప్పాలనిపించింది. నేను పనిచేసిన ఒక సంస్థలో రద్దుల శాతాన్ని డ్యాష్‌బోర్డులో ఎర్ర రంగులో పెట్టి, అది తక్కువగా ఉన్నవారికి ప్రోత్సాహకం ప్రకటించారు. కొన్నాళ్లకు రద్దులు బాగా తగ్గిపోయాయి. జరిగిందల్లా ఏమిటంటే, రద్దు చేయమని ఫోను చేసినవారికి సిబ్బంది చాలా దూరపు తేదీ ఒకటి ఇచ్చి వాయిదా కింద రాసేవారు. ఆ తేదీ వచ్చేసరికి మనిషి రాడు, అప్పుడది “రాలేదు” అనే గడిలో చేరుతుంది, దానికి ప్రోత్సాహకంతో సంబంధం లేదు. పైవారికి చిత్రం బాగుపడినట్టే కనిపించింది. ఖాళీగా పోయిన గంటలు మాత్రం ఎప్పటిలాగే పోయాయి.

నేరుగా వచ్చినవారి విషయం కూడా ఇటువంటిదే. జనం వరసలో నిలబడి ఉన్నప్పుడు ఫారంలో “మా గురించి ఎలా తెలిసింది” అన్న గడిని ఎవరూ తీరిగ్గా నింపరు. జాబితాలో మొదట ఏది ఉంటే అదే నొక్కేస్తారు. ఆ గడిని ఆధారం చేసుకుని ప్రకటనల ఖర్చు నిర్ణయించేవారు ముందు ఒకసారి ఆ జాబితాలో మొదటి పేరేమిటో చూసుకోవడం మంచిది.

గణితాభిమాని:

స్వాగతబల్ల గారు చెప్పినదాన్నే ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం సందర్భంలో ప్రస్తావించారు: ఒక కొలతను అదుపు చేసే సాధనంగా వాడడం మొదలుపెట్టగానే, దానికి అంతవరకూ ఉన్న నమ్మకమైన సంబంధం చెదిరిపోతుంది. మందు కూడా స్వాగతబల్ల గారి మాటల్లోనే ఉంది. రద్దు, వాయిదా, రాకపోవడం మూడింటినీ కలిపి “నమోదై, సేవగా మారని గంటలు” అని ఒకే సంఖ్యగా చూపండి. ఒక గడి నుంచి మరో గడిలోకి నెట్టినా మొత్తం మారదు.

నేను మరో రెండు విషయాలు చెప్పదలచుకున్నాను. మొదటిది, పైకీ కిందికీ చూపించే బాణాల గురించి. గత వారంతో పోలిస్తే ఇన్ని శాతం తగ్గిందని ఎర్రబాణం చూపించని డ్యాష్‌బోర్డు అరుదు. ఏ సంఖ్య అయినా వారం వారం కొంత ఊగుతూనే ఉంటుంది; ఆ ఊగిసలాటకు ప్రతిసారీ కారణం వెతకడం వల్ల మనుషులు అలసిపోతారు, పైగా ఏదో ఒక కారణం దొరికినట్టే ఉంటుంది. వాల్టర్ షూహార్ట్ 1924లో కర్మాగారాల నాణ్యత కోసం రూపొందించిన నియంత్రణ పటం ఇక్కడ చక్కగా పనికొస్తుంది. వారపు బుకింగుల సగటు తీయండి. వరుసగా ఉన్న రెండేసి వారాల మధ్య తేడాలన్నీ తీసి, గుర్తులు వదిలేసి, వాటి సగటు కూడా తీయండి. ఆ తేడాల సగటును 2.66తో గుణించి, బుకింగుల సగటుకు కలిపితే పై హద్దు, తీసివేస్తే కింది హద్దు వస్తాయి. సగటు 120, తేడాల సగటు 10 అనుకుంటే హద్దులు సుమారు 93, 147. ఈ వారం 105 వస్తే సమావేశం పెట్టాల్సిన పని లేదు. 85 వస్తే తప్పకుండా అడగాలి. హద్దు దాటకపోయినా, వరుసగా ఎనిమిది వారాలు సగటుకు ఒకే వైపున ఉంటే ఏదో మారిందనే అర్థం.

రెండోది, మొత్తం శాతాలు చేసే మోసం. ఒక నెలలో కొత్తవారి బుకింగులు 100, పాతవారివి 300 అనుకోండి. కొత్తవారిలో 20 శాతం, పాతవారిలో 5 శాతం రాలేదు. అంటే 20, 15 కలిపి 400కు 35, సుమారు 8.8 శాతం. తరువాతి నెలలో ముందు రోజు గుర్తుచేసే సందేశాలు పంపడం మొదలుపెట్టారు. కొత్తవారిలో 18 శాతానికి, పాతవారిలో 4 శాతానికి తగ్గింది. కాని ఆ నెల ప్రకటనల వల్ల కొత్తవారి బుకింగులు 300 అయ్యాయి, పాతవారివి 100. ఇప్పుడు 54, 4 కలిపి 400కు 58, అంటే 14.5 శాతం. రెండు వర్గాల్లోనూ పరిస్థితి మెరుగైంది, మొత్తం మీద చూస్తే దిగజారింది! 1951లో ఎడ్వర్డ్ సింప్సన్ రాసిన వ్యాసం వల్ల దీన్ని సింప్సన్ విరోధాభాసం అంటారు. మీ డ్యాష్‌బోర్డులో మొత్తం శాతం ఒక్కటే ఉంటే, పనిచేస్తున్న సందేశాలను మీరే ఆపించేసేవారు. కనీసం కొత్తవారు, పాతవారు అన్న విభజన లేకుండా ఏ శాతాన్నీ చూపించవద్దు.

అలాగని ఎక్కువగా ముక్కలు చేసినా చిక్కే. ఒక శాఖలో ఒక సేవకు వారానికి 20 బుకింగులే ఉంటే, ఒక్క మనిషి రాకపోతే శాతం 5 పెరుగుతుంది. అంత చిన్న సంఖ్యల దగ్గర శాతాన్ని దాచేసి, 20కి 3 అని నేరుగా రాయడం నిజాయితీ.

మూడుశాఖలు:

అందరికీ ధన్యవాదాలు. కొత్తవారు, పాతవారు అని విడదీయడం దగ్గరే మాకు ఇంకో తలనొప్పి ఉంది. ఒకే మనిషి వెబ్‌సైటులో ఈమెయిలుతో ఒకసారి, ఫోనులో మరో పేరు అక్షరక్రమంతో ఇంకోసారి నమోదవుతున్నారు. కొన్ని కుటుంబాల్లో నలుగురికీ ఒకే ఫోను నంబరు. ఇప్పటి డ్యాష్‌బోర్డు ప్రకారం మా కస్టమర్లలో అత్యధికులు కొత్తవారే. కౌంటరు సిబ్బంది మాత్రం రోజూ తెలిసిన ముఖాలే కనిపిస్తున్నాయంటున్నారు.

పట్టికలరాయుడు:

కౌంటరువారి మాటే నమ్మండి. డేటాబేసులోని వరుసల సంఖ్యకూ మనుషుల సంఖ్యకూ మధ్య ఉన్న తేడా అది.

మొదట ఫోను నంబర్లన్నింటినీ ఒకే రూపంలోకి తేవాలి. దేశ సంకేతంతో మొదలై ఖాళీలు, గీతలు లేకుండా గరిష్ఠంగా 15 అంకెలుండే ఈ.164 అనే అంతర్జాతీయ పద్ధతి ఉంది, దాన్నే అనుసరించండి. సాదాషీటు గారి పద్ధతిలో ఫైలు దించుకుని ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు జాగ్రత్త: ఆ కాలమ్ అక్షర రూపంలో ఉందని ముందే చెప్పకపోతే, అది నంబరును సంఖ్యగా భావించి మొదట ఉన్న సున్నాలను తీసేస్తుంది, కొన్నిసార్లు కూడికల గుర్తునూ తీసేస్తుంది. ఈమెయిళ్లను చిన్న అక్షరాల్లోకి మార్చి, ముందూ వెనకా ఉన్న ఖాళీలను తొలగించండి. ఆ తరువాత ఫోను, ఈమెయిలు రెండూ కలిసిన వరుసలను ఒకే మనిషిగా కలపవచ్చు. ఫోను మాత్రమే కలిసి పేరు పూర్తిగా వేరుగా ఉంటే కలపకండి. ఒకే ఇంటివారని గుర్తించే మరో కాలమ్ పెట్టి అందులో చేర్చండి. పొరపాటున ఇద్దరిని ఒకరిగా కలిపితే విడదీయడం కష్టం, ఒకరిని ఇద్దరిగా ఉంచితే తరువాతైనా కలపవచ్చు. అసలు వరుసలను మాత్రం ఎప్పుడూ చెరపవద్దు, కలిపిన సమాచారం విడి టేబుల్‌లో ఉండాలి.

మళ్లీ వస్తున్నారా లేదా అన్న ప్రశ్నకు ఆ తరువాతే జవాబు దొరుకుతుంది. తొలిసారి వచ్చిన నెలను బట్టి కస్టమర్లను బృందాలుగా చేసి, ఒక్కో బృందంలో ఎంతమంది 90 రోజుల్లోపు తిరిగి వచ్చారో చూడండి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి, ఇంకా 90 రోజులు పూర్తికాని బృందాన్ని పటంలో చేర్చకూడదు. గత నెలలో తొలిసారి వచ్చినవారికి తిరిగి వచ్చే వ్యవధే ఇంకా మిగిలి ఉంది, కాబట్టి వారి గీత ఎప్పుడూ కిందికి వంగినట్టే కనిపిస్తుంది. ఆ వంపును చూసి భయపడి రాయితీలు ప్రకటించిన సంస్థలను నేనెరుగుదును. 90 అన్నది శాసనం కాదు, మీ సేవకు జనం సాధారణంగా ఎంత విరామంతో వస్తారో దాన్ని బట్టి నిర్ణయించుకోండి. ఆ విరామాన్ని లెక్కించేటప్పుడు సగటు కంటే మధ్యగతం, అంటే విలువలను వరుసగా పేర్చితే నడుమ వచ్చేది, మేలు. ఏడాది తరువాత వచ్చిన కొద్దిమంది సగటును బాగా లాగేస్తారు.

గూగుల్ అనలిటిక్స్ చూపే “తిరిగి వచ్చిన వాడుకరులు” అన్న సంఖ్యను దీనికి వాడకండి, అది ప్రధానంగా బ్రౌజర్లనూ పరికరాలనూ గుర్తుపడుతుంది. పైగా ఉచిత ఖాతాలో వాడుకరి స్థాయి వివరాలను 2 నెలలో 14 నెలలో మాత్రమే ఉంచుతుంది. మార్చకపోతే చిన్నదే అమల్లో ఉంటుంది, ఆ అమరికను ఇవాళే చూడండి. దాని పాత రూపమైన యూనివర్సల్ అనలిటిక్స్ సాధారణ ఖాతాల్లో 2023 జులై 1న కొత్త డేటా తీసుకోవడం మానేసింది, మరుసటి ఏడాది జులై నుంచి పాత నివేదికలు కూడా అందకుండా పోయాయి. ముందుగా దించుకోనివారి చరిత్ర అంతటితో సరి. సొంత డేటాబేసులో నకలు ఉండాలని పదేపదే చెప్పేది ఇందుకే.

గోప్యత_ముందు:

ఇన్ని వివరాలను కలుపుతున్నారు కనుక ఒక హెచ్చరిక. కలిపే పని డేటాబేసులో జరగాలి. డ్యాష్‌బోర్డులోకి పేరు, ఫోను, ఈమెయిలు రానవసరం లేదు, లోపల వాడే కస్టమర్ సంఖ్య చాలు. శాఖ బాధ్యుడికి తన శాఖ వరుసలే కనిపించేలా అనుమతులు పెట్టే సౌకర్యం పవర్ బీఐ వంటి వాటిలో ఉంది. లింకు ఉన్న ఎవరైనా తెరవగలిగేలా డ్యాష్‌బోర్డును పంచుకోవడం మాత్రం వెంటనే ఆపండి. ఉద్యోగం మానేసినవారి దగ్గరా ఆ లింకు ఉండిపోతుంది. ఐరోపాలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, చెప్పిన ప్రయోజనానికి అవసరమైనంత సమాచారమే, అవసరమైనంత కాలమే ఉంచుకోవాలంటుంది. మీకు వర్తించే చట్టం వేరైనా ఆ నియమం పాటించదగినదే.

సాదాషీటు:

చర్చ నేననుకున్న దానికంటే ఉపయోగకరంగా సాగింది. నేను షీటు వదలను గాని, బసనిర్వహణ గారు చెప్పిన రాత్రి నకలు షీటుతో సాధ్యం కాదని ఒప్పుకుంటాను. తెర మీద ఏముండాలన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. నా ఉద్దేశంలో మూడు నిర్ణయాలకు మూడు పటాలు: శాఖల వారీగా రాబోయే నాలుగు వారాల నిండుదనం, వాడగలిగే గంటలతో పోల్చి; సేవల వారీగా ప్రకటన ఖర్చు, దాని పక్కనే పూర్తయిన సేవలు; 90 రోజుల పునరాగమనం. మిగతావన్నీ రెండో పేజీలోకి పంపండి. రెండో పేజీని ఎవరూ తెరవడం లేదని తెలిస్తే దాన్ని తీసేయండి. గుండ్రటి స్పీడోమీటరు బొమ్మలు ఎంత అందంగా ఉన్నా వద్దు. అంత చోటు తీసుకుని అవి చెప్పేది ఒక్క సంఖ్యే.

మూడుశాఖలు:

ఈ మూడు పటాలతోనే మొదలుపెడతాము. “నమోదైనవి”, “ఆ నెల తేదీలకు ఉన్నవి”, “పూర్తయినవి” అని మూడు శీర్షికలు విడదీసి, ఒక్కోదాని లెక్కింపు విధానాన్ని పటం కిందే రాయిస్తున్నాము. ఆదాయం విషయంలో ఖాతాల విభాగం సంఖ్యే అంతిమం.

చివరగా ఒక సందేహం. వాయిదా వేసిన బుకింగును ఎలా లెక్కించాలి? మా సాఫ్ట్‌వేరు పాత తేదీ మీదే కొత్త తేదీ రాసేస్తుంది. దాంతో అది ఎన్నిసార్లు వాయిదా పడిందో తెలియదు. విడి బుకింగుగా నమోదు చేస్తే మొత్తం సంఖ్య పెరిగిపోతుందని భయం.

పట్టికలరాయుడు:

కొత్త వరుసగానే రాయండి, అయితే అందులో “మూల బుకింగు సంఖ్య” అని ఒక కాలమ్ ఉంచండి. పాత వరుస స్థితి “వాయిదా” అవుతుంది, దాని పాత తేదీ అలాగే నిలుస్తుంది, ఆ మార్పు ఎప్పుడు జరిగిందో పక్కన నమోదవుతుంది. గిరాకీ లెక్కించేటప్పుడు మూల సంఖ్యలను మాత్రమే లెక్కిస్తారు, కాబట్టి మొత్తం పెరగదు. ఖాళీ అయిన గంటలు లెక్కించేటప్పుడు అన్ని వరుసలనూ చూస్తారు, కాబట్టి ఏదీ దాగదు. సాఫ్ట్‌వేరు ఇందుకు వీలివ్వకపోతే, రోజూ తీసే రాత్రి నకలులో మొత్తాలతో సరిపెట్టకుండా బుకింగు సంఖ్య, సేవ తేదీ కూడా ఉంచండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేదీ మారిన ప్రతి బుకింగూ ఒక వాయిదా. ఒకే రోజులో రెండుసార్లు మారినవి మాత్రం అలా పట్టుబడవు.

స్వాగతబల్ల:

దానికి ఇంకొక గడి చేర్చండి: వాయిదా అడిగింది కస్టమరా, సంస్థా? సిబ్బంది సెలవు పెట్టినందువల్ల మనమే ఫోను చేసి మార్చిన తేదీలు కూడా కస్టమరు వాయిదాల్లోనే కలిసిపోతుంటాయి. రెండే ఎంపికలు ఉంచండి, ముందుగానే ఏదీ ఎంచి పెట్టకండి, ఏదో ఒకటి నొక్కితే గాని ఫారం ముందుకు కదలకూడదు. ఎంత రద్దీలోనైనా రెండు బొత్తాల్లో ఒకటి నొక్కడం మాకు భారం కాదు.